చెకుముకి దొర

మొన్నీమధ్య ఆయన పోయాడు. ఆ కబురు నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది.

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా నాకొక ఫ్లెక్సీలు కొట్టే షాపుంది. మా ఊళ్ళో ఎవరు పుట్టినా, గెలిచినా, పార్టీ మారినా, పోయినా మొదట నాకే తెలుస్తుంది. పొద్దున షట్టరు ఎత్తుతుంటే ఆయన బామ్మర్ది వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"అన్నా, బావది కన్నీటి నివాళి కొట్టాలె. ఫోటో నీ దగ్గర్నే ఉంటది గదా."

ఉంది. ఒకటి కాదు, ఒక ఫోల్డరు నిండా ఉన్నాయి. దసరా శుభాకాంక్షలు, రంజాన్ శుభాకాంక్షలు, బోనాల శుభాకాంక్షలు, అన్నిట్లోనూ ఆయన చేతిలో తుపాకి. మహిళా దినోత్సవానికి కొట్టించినదాంట్లో కూడా తుపాకే.

"తుపాకి తీసెయ్యమన్నది అక్క" అన్నాడు బామ్మర్ది.

తీసేశాను. ఎంత కోసినా గొట్టం కొస మాత్రం భుజం వెనక నుంచి చెవి పక్కకు పొడుచుకొచ్చింది. చివరికి దాని మీద బంతిపూల దండ అతికించాను. చెవిలోంచి పూలు మొలిచినట్టు వచ్చింది. బతికుంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. పూలకు కాదు, తుపాకి కనపడనందుకు.

పేరు రాయను. రాసినా మా ఊళ్ళో చాలామంది గుర్తు పట్టరు. అందరికీ ఆయన దొర. ఆ బిరుదు ఎవరూ ఇచ్చింది కాదు, తనే పెట్టుకుని, జనానికి తనే అలవాటు చేశాడు. నేను మొదట్లో అన్నా అని పిలిచేవాణ్ణి.

"అన్న అంటే ఊరంత అన్నలే. దొరా అను. అలవాటైతది" అన్నాడు.

"ఎవలికి?"

"ముందుగాల నీకు. ఎన్క ఊరికి."

ఆయన తండ్రికి కట్టెల అడితి ఉండేది. అక్కడ కట్టెలు తూకం వేయించుకున్న ముసలివాళ్ళు ఇప్పటికీ బస్టాండులో కూర్చుని బీడీలు కాలుస్తుంటారు. అంతమంది సాక్షులు బతికుండగానే ఒక మనిషి దొరల వంశంలో పుట్టడం మామూలు విషయం కాదు. దానికి గుండెధైర్యం కావాలి. ఆయనకు అది పుష్కలంగా ఉంది.

చేసేది ప్లాట్ల వ్యాపారం. ఇంటి ముందు గదే ఆఫీసు. కుర్చీ వెనక గోడకు రెండు ఇత్తడి కొక్కేలు, వాటి మీద ఆ తుపాకి. పాతకాలం నాటిది. తూటాలు పెట్టేది కాదు. గొట్టంలో మందు కూరి, గుండు వేసి, పక్కనున్న రాయి చేసే నిప్పురవ్వతో పేల్చేది. చెకుముకి తుపాకి అంటారు. అది ఎలా పేలుతుందో ఆ రోజుల్లో ఆయనకు కూడా తెలియదు. ఎందుకుందో మాత్రం తెలుసు. ప్లాటు కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూడాలి, చూసి అడగాలి.

"మా ముత్తాతకు నిజాం సర్కార్ ఇచ్చింది. పులిని కొట్టిండని."

పులి ఎక్కడ పడిందనేది వచ్చిన మనిషిని బట్టి మారేది. మహేశ్వరం నుంచి ఎవరైనా వస్తే మహేశ్వరం గుట్టల్లో పడేది. అబ్దుల్లాపూర్‌మెట్ వాళ్ళు వస్తే అక్కడికి నడిచి వెళ్ళి పడేది. కర్టెన్ అవతల వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించేది:

"పులి గాదు, పిల్లిని గూడ కొట్టలే."

ఆయన వినిపించుకునేవాడు కాదు. ఫూ అని ఊదేవాడు. అది ఆయన అలవాటు. కుర్చీని ఊది కూర్చుంటాడు, కళ్ళద్దాలను ఊది పెట్టుకుంటాడు, ఫోనును ఊది మాట్లాడతాడు. అబద్ధం మొదలుపెట్టే ముందు గాలిని కూడా ఒకసారి ఊది శుభ్రం చేసేవాడు. ఆ ఫూ వినపడితే నేను సర్దుకుని కూర్చునేవాణ్ణి.

"ఆదిభట్ల కంపెనీ బస్సు మన వెంచర్ ముంగల్నే ఆగుతది" అని ఒకసారి ఊదాడు. నిజమే, ఆగింది. టైరు పంక్చరై ఆగింది. ఈయన పరుగున వెళ్ళి, బస్సు పక్కన నిలబడి నాతో ఫోటో తీయించుకుని ఫ్లెక్సీ కొట్టించాడు.

ఇలా ఎన్నాళ్ళైనా గడిచేది. ఆ వెంచర్ ప్రారంభమే ఆయన కొంప ముంచింది.

దాని పేరులో మహల్, గార్డెన్, సిటీ మూడూ ఉండేవి. స్థలంలో మూడూ లేవు. తుమ్మచెట్లూ, రంగు తడి ఆరని ఒక ఆర్చీ ఉన్నాయి. ప్రారంభం రోజున ముఖ్య అతిథి రాగానే తుపాకి పేల్చి స్వాగతం చెబుతానన్నాడు. ఫ్లెక్సీ మీద 'వంశపారంపర్య తుపాకితో గౌరవ వందనం' అని వేయమన్నాడు. టైపు చేసేటప్పుడు వంశ కాస్తా వంచ అయింది. మళ్ళీ కొట్టాల్సి వచ్చింది గాని, ఆ మొదటిది చూసినవాళ్ళెవరూ తప్పు పట్టలేదు.

ఎండ మండుతోంది. షామియానా కింద జనం, ఆర్చి దగ్గర బ్యాండు. ముఖ్య అతిథి మా వైపు నాయకుడు, అప్పుడే పార్టీ మారి కొత్త కండువాతో వచ్చాడు. దొర తలపాగా చుట్టుకుని, తుపాకి పైకెత్తి, మీట నొక్కాడు.

టక్ మంది. అంతే.

మళ్ళీ నొక్కాడు. టక్.

మూడోసారి నిప్పురవ్వ లేచింది. తుపాకి పక్కన భగ్గుమని చిన్న మంట, ఫుస్సుమని పొగ. ఆ పొగంతా ఆయన మొహానికే కొట్టింది. గొట్టంలోంచి మాత్రం ఏమీ రాలేదు. చప్పుడు వినగానే వాయించమని బ్యాండు మేస్త్రీకి ముందే చెప్పి ఉంచారు. పాపం ఆ ఎండలో ఎంతసేపు నిలబడతాడు? ఫుస్సు వినపడగానే పెద్ద డ్రమ్ము మీద ఒక్కటి వేశాడు. ఢాం. జనం చప్పట్లు కొట్టారు.

నాయకుడు మైకు అందుకున్నాడు.

"దొరా, నీ తుపాకిని జూస్తే నా పాత పార్టీ యాదికొస్తున్నది. సప్పుడు ఒకడు జేస్తడు, పొగ ఇంకొకని మొకానికి."

మైకులో వచ్చిన ఆ నవ్వు ఊరిదాకా వినపడింది. కొడుకు కోసం ప్లాటు చూడటానికి వచ్చిన ఒక ముసలమ్మ ముందు వరసలోంచి లేచి అడిగింది:

"ఏమయ్యా, తుపాకే పేలలే, రిజిస్ట్రేషన్ ఐతదా?"

దానికి ఆయన దగ్గర ఫూ లేదు. ఆ రోజు ఒక్క ప్లాటూ అమ్ముడు పోలేదు. భోజనాలు మాత్రం మిగల్లేదు. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది మా ఊరి గ్రూపులన్నిట్లో తిరిగింది. ఆ రోజు నుంచి ఎదుట దొర, వెనక ఫుస్ దొర.

ఇంకొకడైతే ఆ తుపాకిని అటక మీద పడేసి ఊరుకునేవాడు. ఆయన తెల్లారే దాన్ని గోనెసంచిలో చుట్టుకుని నా షాపుకు వచ్చాడు. ఒక కనుబొమ సగం కాలిపోయింది.

"నీ దగ్గర నెట్ మంచిగుంటది గదా. గిసుంటి తుపాకులు పేల్చేటోళ్ళ వీడియోలు వెట్టు."

పెట్టాను. గడ్డాలు పెంచుకున్న విదేశీయులు ఇంగ్లీషులో ఏదో చెబుతున్నారు. నా ప్రింటింగు మిషను రొదలో ఒక్క ముక్క వినపడదు. వినపడినా ఆయనకు అర్థం కాదు.

"మాటలు నాకెందుకు? మాటలు నాక్కూడ వస్తయ్. వాని చేతులు చూపియ్యి."

అలా మొదలైంది. కొన్ని నెలలపాటు ఆయన నా షాపులో స్టూలు మీదే ఉన్నాడు. చేతులు చూసీ చూసీ, ఆపి మళ్ళీ చూసీ, ఆయన ఆ యంత్రాన్ని మొత్తం విప్పి నా ఇంకు డబ్బాల మధ్య పరిచాడు. నేను వద్దన్నా నాకూ నేర్పాడు.

తుపాకి పక్కన గుర్రం తలలాంటి ఒక కొక్కెం ఉంటుంది. దాన్ని ఆయన గుర్రమనే అనేవాడు. దాని నోట్లో చెకుముకి రాయి బిగిస్తారు. జారకుండా రాయి చుట్టూ తోలుముక్క. గుర్రానికి ఎదురుగా ఒక ఉక్కు పలక నిలబడి ఉంటుంది. ఆ పలక అడుగు భాగమే కింద ఉన్న చిన్న గిన్నెకు మూత. గిన్నెలో చిటికెడు మెత్తటి మందు, దాని పేరు రంజకం. మీట నొక్కగానే లోపలి స్ప్రింగు గుర్రాన్ని ముందుకు విసురుతుంది. రాయి వెళ్ళి ఉక్కును గీరుతుంది. నిప్పు రాతిలోంచి రాదు. రాయి ఉక్కును సన్నగా చెక్కుతుంది, ఆ పొడి ఎర్రగా కాలి రవ్వలవుతుంది. అదే దెబ్బకు పలక వెనక్కి పడి గిన్నె మూత తెరుచుకుంటుంది. రవ్వలు రంజకంలో పడి మంట లేస్తుంది. గొట్టం పక్కన సూదిమొనంత బెజ్జం ఉంటుంది, ఆయన దాన్ని చెవి అనేవాడు. మంట ఆ చెవిలోంచి లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది.

"టక్, ఫుస్, ఢాం" అనేవాడు కుడి బొటనవేలిని గుర్రంలా ఎత్తి అరచేతిలోకి కొడుతూ. "మనిషికైన గీ మూడుండాలె. మన లీడర్లకు టక్ ఉంటది, ఫుస్ ఉంటది, ఢాం ఉండది."

"నీకు?"

"నాకు బ్యాండ్ మేస్త్రీ ఉన్నడు గదా" అని తనే నవ్వాడు. తన మీద తను నవ్వుకోగా చూడటం నాకదే మొదటిసారి.

ఆ రోజు తుపాకి ఎందుకు పేలలేదో ఒక్కొక్కటే బయటపడింది. రాయి అంచు అరిగి గుండ్రబడిపోయింది. అంచు కత్తిలా ఉండాలి, పలకను నిలువునా తాకాలి. ఉక్కు పలక పైపొర మెత్తబడింది. మెత్తటి ఇనుమును ఎంత గీరినా రవ్వలు రావు. అన్నిటికన్నా ముఖ్యమైనది చెవి. అది పూర్తిగా మూసుకుపోయి ఉంది. దాన్ని మూసింది తుప్పు కాదు, వార్నిషు. ప్రారంభానికి ముందు తుపాకి తళతళలాడాలని, సోఫాలకు పాలిష్ పెట్టే మనిషిని పిలిపించి పై నుంచి కిందిదాకా వార్నిషు పూయించాడు. ఆయన షోకే ఆయన తుపాకి చెవి మూసింది. నేను ఆ మాట పైకి అన్నాను కూడా. ఆయన ఫూ అని ఊదలేదు. గుండుసూదితో వార్నిషు గోకుతూ, "అవ్" అన్నాడు.

తర్వాత రాళ్ళ వేట. గుట్టల్లో తిరిగి పలుగురాళ్ళు ఏరుకొచ్చాడు. రెండు దెబ్బలకే పగిలిపోయేవి. ఇంట్లో పొత్రం కొస కొట్టి చూశాడు. ఆ రోజు ఆయన భార్య నా షాపు దాకా వచ్చి, "తమ్మి, మీ దొరకు జెప్పు, ఇంకోసారి నా పొత్రం ముట్టిండంటే వాని చెయ్యి రుబ్బుత" అని చెప్పి పోయింది. చివరికి చార్మినార్ దగ్గర ఉంగరాల్లో పొదిగే అకీక్ రాయి పనికొచ్చింది. అదృష్టం కలిసొస్తుందని జనం వేలికి పెట్టుకునే రాయిని ఈయన గుర్రం నోట్లో పెట్టాడు. పలకను లేతు షాపులో ఎర్రగా కాల్పించి నూనెలో ముంచి గట్టిపడేట్టు చేయించాడు. తర్వాత పాఠాలు మొదలయ్యాయి. చెవిలో మందు కూరవద్దు, ఖాళీగా ఉంటేనే మంట సర్రున పోతుంది. గిన్నె నిండా రంజకం పోయవద్దు. మూత సందులోంచి చెమ్మ పోవద్దు. ప్రతి దెబ్బకూ మసి తుడవాలి. రాయికీ, పలకకూ నూనె తగిలితే రవ్వ పుట్టదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతావన్నీ సక్రమంగా ఉండి లాభం లేదు.

ప్లాట్ల కోసం వచ్చినవాళ్ళకు కూడా ఇదే చెప్పేవాడు. వాళ్ళు రోడ్డు వెడల్పు అడిగితే ఈయన స్ప్రింగు బలం చూపించేవాడు. వాళ్ళు లేచి పోయేవాళ్ళు. ఆ విధంగా ఆయన చేతిలో మోసపోవలసిన కొందరిని ఆ తుపాకి కాపాడింది. అది కాపాడింది వాళ్ళనే, ఆయన్ని కాదు.

ఒక పొద్దున నన్ను స్కూటరెక్కించుకుని అబ్దుల్లాపూర్‌మెట్ దారిలో పాతబడిన ఒక రాతి క్వారీకి తీసుకుపోయాడు. గుండు వేయలేదు, మందు మాత్రమే. గిన్నెలో రంజకం పోసి, మూత వేసి, గుర్రాన్ని వెనక్కి లాగి, రాళ్ళ వైపు తిరిగి మీట నొక్కాడు.

నాకు టక్ వినపడలేదు, ఫుస్ వినపడలేదు. ఒకటే చప్పుడు. క్వారీ గోడలు దాన్ని అటూ ఇటూ విసురుకున్నాయి. పావురాలు లేచిపోయాయి.

ఆయన అరుస్తాడనుకున్నాను, గంతులేస్తాడనుకున్నాను. ఒక బండ మీద కూర్చుండిపోయాడు.

"యిన్నవా?" అన్నాడు. "మూడు యేరుయేరుగ యినవడ్తే తుపాకి మంచిగ లేనట్టు. మూడు గల్సి ఒక్కటే యినవడాలె."

మళ్ళీ పేల్చాడు. మళ్ళీ పేలింది. మధ్యలో మసి తుడిచి, రాయి అంచు సరిచూసి, తెచ్చిన మందు అయిపోయేదాకా పేల్చాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. తిరిగొస్తూ దారిలో హోటల్ దగ్గర ఆగి ఛాయ్ చెప్పాడు. గ్లాసును ఊదలేదు. వేడిగానే తాగాడు.

"నీకొకటి చెప్పాలె. గిది నిజాం ఇయ్యలే. పాతబస్తీల పాత సామాన్ల బజార్ల కొన్న."

"ఎరికే అన్నా."

"నీకెట్లెరిక?"

"అందరికి ఎరికే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మరి ఒక్కడు గూడ మొకం మీద అనలేదేంది?"

"ఛాయ్ తాపిస్తవ్ గదా" అన్నాను.

తలాడించాడు. బాధపడ్డాడో లేదో తెలియలేదు. అంతలో పక్క బల్ల మీది మనిషి సంచిలో ఏముందని అడిగాడు. దొర ఫూ అని ఊది, "నిజాం సర్కార్..." అని మొదలుపెట్టాడు. మనిషి ఒక్క పూటలో మారడు.

ఇంకొన్నాళ్ళకు ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు, ఫలానా ఇంట్లో లైసెన్సు లేని తుపాకి ఉందని. ఎవరనేది తేలలేదు. ఆయనంటే గిట్టనివాళ్ళ పేర్లన్నీ వేయాలంటే పెద్ద సైజు ఫ్లెక్సీ కావాలి. ఒక పొద్దున కానిస్టేబులు వచ్చి తుపాకినీ, ఆయన్నీ ఠాణాకు తీసుకుపోయాడు. ఏ ఠాణా అన్నది ఇక్కడ అక్కరలేదు. ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి ఆవిడ గేటు దగ్గర కొంగు బిగించుకుని నిలబడి ఉంది.

"తమ్మి, గది పేలదని జెప్పుండ్రి. ఊరంత జూసింది గదా" అంది.

నిజమే. ఏ వీడియోతో ఊరు ఆయన్ని అంతకాలం ఏడిపించిందో, ఇప్పుడు ఆ వీడియోనే ఆయనకు దిక్కు. నేను లోపలికి పోయి ఎస్సైకి ఫోనులో అది చూపించాను. కుర్ర ఎస్సై, మంచివాడే. డ్రమ్ము దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అంటే గిది షో పీసు."

"షో పీసే సార్. గోడకు పెట్టుకున్నడు" అన్నాను.

దొర బెంచీ మీద తల వంచుకుని ఉన్నాడు. నేను దారి పొడుగునా అనుకున్న మాట ఒక్కటే, ఈయన నోరు విప్పకుంటే చాలు. విప్పేవాడు కాదేమో. కాని ఎస్సై తుపాకి చేతిలోకి తీసుకుని, గుర్రాన్ని అటూ ఇటూ ఆడించి, బల్ల మీద పడేశాడు.

"ఇనుప ముక్క. దీంతోని దోమ గూడ చావది."

దొర బొటనవేలు కదిలింది. తల ఎత్తాడు.

"సార్, గట్ల పడెయ్యొద్దు. రాయి అంచు పోతది." ఆగాడు. నేను ఆయన కాలు తొక్కాను. "పేలుతది సార్" అన్నాడు.

గదిలో నవ్వు ఆగిపోయింది.

"పేలుతదా?"

"ఎప్పుడు పేల్చినా పేలుతది. నేనే బాగు జేసిన."

ఎస్సై కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "చూడు పెద్దాయనా, పేలితే కేసు. పేలకుంటే ఇనుము. ఆలోచించి జెప్పు."

ఆయన ఆలోచించలేదు. తుపాకి తెచ్చిన గోనెసంచిలోంచి మందు బుడ్డి తీశాడు. గేటు పక్కనున్న ఖాళీ జాగాలోకి నడిచారు. గుండు లేకుండా మందు మాత్రం కూరి, గోడ వైపు తిరిగి, గిన్నెలో రంజకం పోసి, మూత వేసి, గుర్రాన్ని లాగాడు. చుట్టూ పోలీసులు చెవులు మూసుకున్నారు. నేను కళ్ళు కూడా మూసుకున్నాను.

టక్.

కళ్ళు తెరిచాను. రవ్వ కూడా లేదు. ఆయన మళ్ళీ లాగి నొక్కాడు. టక్. ఆయన మొహంలో నేనెన్నడూ చూడని అయోమయం. పలక మీద వేలు పెట్టి రాశాడు. వేలు వాసన చూశాడు. నెమ్మదిగా గేటు వైపు తిరిగాడు.

కొబ్బరినూనె. పొద్దున కానిస్టేబులు వచ్చినప్పుడు ఆయన స్నానం చేస్తున్నాడు. "కూసోండ్రి, దుమ్మువట్టింది, తుడిచిస్త" అని ఆవిడ తుపాకి లోపలికి తీసుకుపోయి తలకు రాసుకునే నూనెను రాయికీ, పలకకూ బాగా పట్టించి ఇచ్చింది. ఇన్నాళ్ళూ కర్టెన్ వెనక నుంచి ఆయన పాఠాలన్నీ విన్నది ఆవిడే కదా.

ఆవిడ కదలలేదు. చేతులు జోడించలేదు, సైగ చేయలేదు. ఆయన వైపు చూస్తూ నిలబడింది, అంతే.

దొర జేబులోంచి రుమాలు తీశాడు. పొడి రుమాలు. ఆ పలకనూ, రాయినీ ఒక్కసారి తుడిస్తే చాలు. ఆ సంగతి అక్కడ ఆయనకు తెలుసు, ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. ఎస్సైకి తెలియదు. రుమాలు పలక దాకా వచ్చి ఆగింది. ఆయన ఆ రుమాలుతో తన మొహం తుడుచుకున్నాడు.

"పేలదు సార్" అన్నాడు.

"ఇప్పుడే గదా ఎప్పుడు పేల్చినా పేలుతదంటివి?"

"అబద్ధం జెప్పిన. నాకు అలవాటు. ఊర్ల ఎవలనన్న అడుగుండ్రి."

పోలీసులందరూ ఒక్కసారి నవ్వారు. ఎస్సై కూడా నవ్వి, ఆయన భుజం తట్టి, ఎందుకైనా మంచిదని ఆ చెవికి వెల్డింగు పెట్టించుకుని గోడకు తగిలించుకోమన్నాడు.

ముగ్గురం ఒక ఆటోలో ఇంటికి బయల్దేరాం. మందు దులిపేసిన తుపాకి ఆయన ఒళ్ళో ఉంది. వెల్డింగు షాపు కనపడగానే ఆయనే అన్నాడు.

"కొబ్బరినూనె జల్ది పోదు. సందులల్లకు దిగుతది."

"ఇంట్ల గదే ఉండె" అంది ఆవిడ.

"పలకకు కొంచెం రాస్తే అయిపోయేటిది. రాయికి గూడ పట్టిచ్చినవ్."

"గంత ఎరుక గాలే. ఈసారి అడిగి రాస్త."

ఆటో ఆపించాడు. వెల్డింగు చేసేవాడు నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ సూదిమొనంత చెవి మీద ఒక చుక్క కరిగించాడు. కళ్ళు పోతాయని నన్నూ ఆవిణ్ణీ అటు తిరగమన్నాడు దొర. తను మాత్రం కాలిన కనుబొమతో దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అప్పటికి ఆ కనుబొమ మళ్ళీ పూర్తిగా మొలవలేదు.

ఆ తర్వాత ఆయన బతికిన రోజుల్లో తుపాకి గోడ మీదే ఉంది. వచ్చినవాళ్ళు అడిగితే, "పాత సామాను" అనేవాడు. ముత్తాత, పులి, నిజాం ముగ్గురూ ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయారు. దొరా అని పిలిస్తే పలికేవాడు గాని, పిలవమని ఎవరినీ అడగలేదు. ప్లాట్ల విషయంలో మాత్రం అబద్ధాలాడేవాడు, అది వృత్తి ధర్మం.

విచిత్రమేమిటంటే ఆయన ఊదటం మానేశాక ఊరు ఊదటం మొదలుపెట్టింది. పోలీసులే భయపడి వెల్డింగు చేయించారట. స్టేషన్లో పేలిస్తే కిటికీ అద్దాలు రాలాయట. ఎవరు పడితే వాళ్ళు నాకే చెప్పేవాళ్ళు, పక్కన నిలబడి చూసిన నాకు. ఒకప్పుడు ఫుస్ దొర అని నవ్విన నోళ్ళే అవి.

దశదిన కర్మ భోజనాలకు వెళ్ళాను. షామియానా కింద బంతిలో నా పక్కన ఆయన మేనల్లుడు, ఆదిభట్లలో ఉద్యోగం చేసేవాడు, తన స్నేహితులకు కథ చెబుతున్నాడు. నిజాం ఇచ్చిన తుపాకి అట. అద్దాలు రాలాయట. ఆయన భార్య పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తూ వచ్చి అక్కడ ఆగింది.

"నిజాం లేదు, గిజాం లేదు. పాత సామాన్ల బజార్ల కొన్నం. బేరం జేసింది నేను" అంది. "సోఫా కొనుక్కుందమని పోతే, గీయన దాన్ని జూసి కదల్లే."

అందరూ నవ్వారు.

"అయితే పేలేదే కాదా అత్తమ్మా?" అన్నాడు మేనల్లుడు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి నిలబడింది.

"పేలేటిది" అంది. "మస్తు పేలేటిది. ఒక్కసారి గూడ తప్పకపోయేటిది. నేనే పేలనియ్యలే."

కుర్రవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేనల్లుడు విస్తరి వైపు తల వంచి నవ్వు దాచుకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసింది కదా, ఆయన అలవాటు ఆమెకూ అంటుకుందని వాళ్ళ మొహాల్లో స్పష్టంగా కనపడింది.

"అవ్, నేను జూసిన. నా ముంగల్నే పేలింది" అన్నాను నేను.

వాళ్ళు నా వైపు కూడా అలాగే చూశారు. ఆవిడ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి, పక్క వరసలోకి వెళ్ళిపోయింది.